ఫోన్‌నే కంప్యూటర్‌గా వాడితే: చిక్కు చిప్‌లో లేదు

ఫోన్‌ను ఒక కేబుల్‌తో మానిటర్‌కు తగిలించి, కీబోర్డూ మౌసూ పెట్టుకుని, దాంతోనే కంప్యూటర్ పనంతా కానిచ్చేయొచ్చా? ఎంచక్కా కానిచ్చేయొచ్చని కంపెనీలు 2011 నుంచీ చెబుతూనే ఉన్నాయి. అయినా అలా పనిచేసేవాళ్లు ఎక్కడో ఒకరు తప్ప కనబడరు. ఎందుకని అడిగితే చాలామంది నోట వెంటనే వచ్చే మాట ‘ఫోన్‌కు అంత పవర్ ఎక్కడిది’ అని. ఒకప్పుడు ఆ మాట నిజమే. ఇప్పుడు మాత్రం నెపం చిప్ మీదికి నెట్టడం అన్యాయం.

2020లో ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో ఇంటెల్ చిప్‌లను పక్కనపెట్టి సొంత ఎం1 చిప్ పెట్టడం మొదలుపెట్టింది. ఆ ఎం1లోని కోర్ల (చిప్‌లో లెక్కలు చేసే భాగాల) డిజైనూ, అదే ఏడాది ఐఫోన్ 12లో వచ్చిన ఏ14 చిప్‌లోని కోర్ల డిజైనూ ఒకటే. కోర్ల సంఖ్య పెంచారు, మెమరీ పెంచారు, గ్రాఫిక్స్ పెంచారు. పునాది మాత్రం ఫోన్‌దే. ఆ చిప్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాన్ కూడా లేదు. ఆండ్రాయిడ్ వైపు చూసినా పైశ్రేణి ఫోన్లలో 12 జీబీ, 16 జీబీ ర్యామ్ మామూలైపోయింది. డాక్యుమెంట్లు రాసుకోవడానికి, బ్రౌజర్‌లో బోలెడు ట్యాబ్‌లు తెరుచుకోవడానికి, వీడియో కాల్ మాట్లాడటానికి ఈ చిప్‌లు సరిపోవడం కాదు, మిగిలిపోతాయి.

వేడి సంగతి వేరు, దాన్ని కాదనలేం. ఫోన్ ఎంతసేపైనా నిలకడగా బయటికి వదిలేయగలిగిన వేడి కొద్ది వాట్లే. సన్నటి ల్యాప్‌టాప్ 15 వాట్ల దాకా తట్టుకుంటుంది, ఫ్యాన్ బాగా ఉన్నవి ఇంకా ఎక్కువ. అందుకే గంటసేపు వీడియో ఎడిట్ చేసి ఎక్స్‌పోర్ట్ కొడితే ఫోన్ మొదట్లో పరుగెత్తి, తర్వాత తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కానీ ఆఫీసు పనిలో చిప్ ఎక్కువ సమయం ఖాళీగానే ఉంటుంది. మీరు ఒక పేరా టైప్ చేసేలోపు అది ఎన్నోసార్లు నిద్రపోయి లేస్తుంది.

మరి అడ్డు ఎక్కడుంది? నా లెక్కలో అసలు మెలిక నమ్మకం దగ్గర ఉంది. డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎదుట కూర్చున్న మనిషిని యజమాని అనుకుంటుంది. ఏ ఫైలైనా తెరవనిస్తుంది, ఏ ప్రోగ్రామ్ అయినా ఎక్కించుకోనిస్తుంది, పొరపాటు చేస్తే చేసుకోనిస్తుంది. ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ అలా కాదు. యాప్‌ను అది నమ్మదు. ఒక యాప్‌కు ఇంకో యాప్ గదిలోకి తొంగిచూసే వీలు ఇవ్వదు. వాడే మనిషిని కూడా పూర్తిగా నమ్మదు. బ్యాంకు యాప్‌నూ, ముక్కూమొహం తెలియని గేమ్‌నూ ఒకే ఫోన్‌లో పెట్టుకుని మనం నిశ్చింతగా తిరుగుతున్నామంటే ఆ అపనమ్మకం పుణ్యమే. అదే అపనమ్మకం ఫోన్‌ను పెద్ద తెరకు తగిలించినప్పుడు అడుగడుగునా కాళ్లకు అడ్డం పడుతుంది.

దాని దాకా వెళ్లేముందు కేబుల్ సంగతి తేల్చుకోవాలి. చాలామంది ప్రయత్నం అక్కడే ఆగిపోతుంది కాబట్టి.

కేబుల్ తగిలించిన క్షణంలో

యూఎస్‌బీ-సి పోర్టు ఉన్న ఫోన్లన్నీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. లోపల మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఆ చిన్న పోర్టులో 24 పిన్నులుంటాయి. వాటిలో పాత యూఎస్‌బీ 2.0 డేటా కోసం ఒక జత, వేగంగా డేటా పంపడానికి నాలుగు జతలు, కరెంటుకు కొన్ని. ఇవి కాక సీసీ అనే పిన్నులు రెండుంటాయి, రెండు పరికరాలూ మాట్లాడుకునేది వాటిలో ఒకదాని మీదే.

ఫోన్‌ను మానిటర్‌కూ కీబోర్డుకూ కలిపే చిన్న పెట్టెను డాక్ అంటారు. దాన్ని తగిలించగానే ముందు ఈ సీసీ పిన్ను మీద బేరం నడుస్తుంది. కరెంటు ఎవరు ఎవరికివ్వాలి, ఎన్ని వోల్టులు, డేటా విషయంలో పెత్తనం ఎవరిది. ఫోన్‌కు ఇక్కడ రెండు పాత్రలు పడతాయి. డాక్ దగ్గర ఛార్జింగ్ తీసుకోవాలి, అదే సమయంలో కీబోర్డుకూ మౌస్‌కూ తానే పెద్దదిక్కుగా ఉండాలి. యూఎస్‌బీ పవర్ డెలివరీ నియమాలు ఈ రెంటినీ విడదీశాయి కాబట్టే ఇది కుదురుతోంది. ఆ తర్వాత ఫోన్ అవతలివైపు ఏయే అదనపు విద్యలు వచ్చో అడుగుతుంది. డిస్‌ప్లేపోర్ట్ వచ్చని జవాబొస్తే, ఆ నాలుగు వేగం జతల్లో రెండిటిని గానీ నాలుగిటినీ గానీ వీడియోకు అప్పగిస్తుంది. దీన్నే డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అంటారు. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది.

ఆ బేరం ఎలా కుదిరిందన్నది తెర మీద కనబడుతుంది. 4కే తెరకు సెకనుకు 60 సార్లు బొమ్మ పంపాలంటే లెక్క వేయండి: 3840ని 2160తో హెచ్చించి, ఒక్కో చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 సార్లు. దాదాపు 12 గిగాబిట్లు. వీడియోకు రెండు జతలే ఇచ్చే డాక్‌లలో చాలావాటికి అంత మోసే శక్తి ఉండదు. అందుకని సెకనుకు 30 సార్లతో సరిపెడతాయి. అప్పుడు మౌస్ కదిపితే బాణం అరక్షణం వెనకబడినట్టు, ఏదో జిగురులో కదులుతున్నట్టు ఉంటుంది. జనం దాన్ని చూసి ఫోన్ స్లో అనుకుంటారు. నిజానికి స్లో అయింది డాక్. ఫుల్ హెచ్‌డీ తెరకు మార్చి చూస్తే అదే ఫోన్ హాయిగా నడుస్తుంది.

ఇక ఆల్ట్ మోడ్ అసలే లేని ఫోన్లు కోకొల్లలు. తక్కువ ధర ఫోన్లలో యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. దాని వేగం సెకనుకు 480 మెగాబిట్లు; ఫుల్ హెచ్‌డీ వీడియో కుదించకుండా పంపాలన్నా 3 గిగాబిట్ల దాకా కావాలి. ఏ మూలకూ చాలదు. అయితే ‘యూఎస్‌బీ 3 ఉంటే తెర వస్తుంది, 2.0 అయితే రాదు’ అని సూత్రం కట్టుకోవడం కూడా ప్రమాదమే. 2023లో వచ్చిన ఐఫోన్ 15 డేటా వేగం యూఎస్‌బీ 2.0దే, కానీ అది 4కే తెరకు వీడియో ఇస్తుంది. పిక్సెల్ 8 సంగతి ఇంకా తమాషా: హార్డ్‌వేర్ మొదటి నుంచీ ఉంది, గూగుల్ దాన్ని 2024 జూన్ అప్‌డేట్‌తో గానీ తెరవలేదు. కాబట్టి పోర్టు వైపు చూసి చెప్పలేం, ఆ మోడల్ స్పెసిఫికేషన్లలో డిస్‌ప్లేపోర్ట్ అన్న మాట ఉందో లేదో చూసుకోవాల్సిందే. ఫోన్‌తో పాటు వచ్చిన ఛార్జింగ్ కేబుల్ కూడా చాలాసార్లు మోసం చేస్తుంది. రెండు చివరలా యూఎస్‌బీ-సి ఉన్నా లోపల వేగం జతలు లేకపోతే దాని గుండా వీడియో పోదు.

ఆల్ట్ మోడ్ లేనివాళ్లకు పక్కదారులు రెండున్నాయి. డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న డాక్ అయితే ఫోన్‌లో ఒక యాప్ తెరను కుదించి మామూలు యూఎస్‌బీ డేటాగా పంపుతుంది. మిరాకాస్ట్ అయితే వైఫై మీద వెళ్తుంది. సినిమా చూడటానికి, ప్రెజెంటేషన్ చూపించడానికి రెండూ పనికొస్తాయి. రోజంతా టైప్ చేసుకోవడానికి వద్దనే చెబుతాను. నొక్కిన అక్షరం ఆలస్యంగా కనబడుతుంటే చేతివేగం దానంతట అదే తగ్గిపోతుంది.

ఇంతకుముందు ఏం జరిగింది

2011లో మోటరోలా ఆట్రిక్స్ అనే ఫోన్ తెచ్చింది. తెర, కీబోర్డు, బ్యాటరీ ఉండి సొంత ప్రాసెసర్ లేని, ల్యాప్‌టాప్ లాంటి ల్యాప్‌డాక్ వెనకవైపు దాన్ని గుచ్చితే వెబ్‌టాప్ అనే డెస్క్‌టాప్ తెరుచుకునేది. అడుగున ఉబుంటు ఆధారిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, పైన పూర్తిస్థాయి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్. ఫోన్‌లో ఉన్నది రెండు కోర్లు, 1 జీబీ ర్యామ్. పేజీ తెరవడానికి ఎదురుచూపులు, పైగా ల్యాప్‌డాక్ ధర ఒక మామూలు ల్యాప్‌టాప్‌కు దగ్గరగా. మరుసటి ఏడాదికల్లా అటకెక్కింది. చిప్ మీద నింద పడాల్సింది ఏదైనా ఉంటే ఇదే.

2013లో ఉబుంటు తయారుచేసే కెనానికల్ సంస్థ ఉబుంటు ఎడ్జ్ ఫోన్ కోసం జనాన్ని 3.2 కోట్ల డాలర్లు అడిగింది. 1.28 కోట్ల డాలర్ల దాకా వచ్చాయి. గురి అందలేదు కాబట్టి ఫోన్ రాలేదు. 2017లో కెనానికల్ ఆ ఆలోచననే వదులుకుంది.

నాకు అన్నిటికంటే పాఠంగా కనిపించేది మైక్రోసాఫ్ట్ ప్రయత్నం. 2015లో లూమియా 950, 950 ఎక్స్‌ఎల్ ఫోన్లతో కంటిన్యూయం తెచ్చారు. డాక్‌కు పెట్టగానే తెర మీద విండోస్ 10 లాంటిదే కనిపించేది: కింద టాస్క్‌బార్, మూలన స్టార్ట్. చూసినవాళ్లు విండోస్ వచ్చేసిందనే అనుకున్నారు. కానీ విండోస్‌ను విండోస్ చేసింది స్టార్ట్ బటన్ కాదు కదా, దశాబ్దాలుగా పోగైన ప్రోగ్రాములు. వాటిలో ఒక్కటీ అక్కడ నడవదు. ఆ ఫోన్ల చిప్ ఆర్మ్ రకానిది, పాత ప్రోగ్రాములు ఇంటెల్ రకం చిప్‌ల కోసం రాసినవి. పైగా స్టోర్ నుంచి వచ్చిన కొత్తరకం యాప్‌లకే అనుమతి; అవి కూడా పెద్ద తెర కోసం తయారైనవైతేనే. ముఖం కంప్యూటర్‌ది, మనసు ఫోన్‌ది. విండోస్ 10 మొబైల్‌కు సపోర్ట్ 2020 జనవరితో ముగిసింది.

ఇన్నిటిలో నిలిచి బతికింది శాంసంగ్ ఫోన్లలోని డెస్క్‌టాప్ ఏర్పాటు డెక్స్ ఒక్కటే అనొచ్చు. 2017లో గెలాక్సీ ఎస్8తో వచ్చింది. మొదటి డాక్‌లో ఫోన్‌ను చల్లబరచడానికి చిన్న ఫ్యాన్ కూడా పెట్టారు. 2018లో నోట్ 9తో డాక్ అక్కర్లేకుండా కేబుల్ చాలన్నారు, 2020లో నోట్ 20తో కేబుల్ కూడా లేకుండా టీవీకి పంపొచ్చన్నారు. డెక్స్ కంటిన్యూయం లాగా కొత్త యాప్‌లు రాయమని ఎవరినీ అడగలేదు. ఉన్న ఆండ్రాయిడ్ యాప్‌లనే విండోల్లో పెట్టింది. బతకడానికి అదే కారణమని నేననుకుంటాను. 2018 చివర్లో లినక్స్ ఆన్ డెక్స్ పేరుతో ఫోన్ లోపలే ఉబుంటు డెస్క్‌టాప్‌ను నడిపే బీటా కూడా ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే ఆపేస్తున్నామన్నారు. ఇష్టపడినవాళ్లు తక్కువేమో కానీ, గట్టిగా ఇష్టపడ్డారు.

ఆండ్రాయిడ్ 10లోనే డెవలపర్ ఆప్షన్ల (ప్రోగ్రామర్ల కోసం దాచి ఉంచిన సెట్టింగుల) అడుగున గూగుల్ ఒక డెస్క్‌టాప్ మోడ్ దాచింది. ఏళ్ల తరబడి అది పేరుకే ఉంది. 2025లో ఆండ్రాయిడ్ 16 సందర్భంగా మాత్రం, డెక్స్ పునాది మీద శాంసంగ్‌తో కలిసి డెస్క్‌టాప్ విండోలను ఆండ్రాయిడ్‌లోనే కడుతున్నామని బహిరంగంగా ప్రకటించింది. ఒక కంపెనీ సరదా కాస్తా ప్లాట్‌ఫాం పని అయింది.

ఒక స్ప్రెడ్‌షీట్ ప్రయాణం

ఇక అపనమ్మకం సంగతి. మెయిల్‌లో ఒక స్ప్రెడ్‌షీట్ వచ్చిందనుకోండి. దాంట్లో కొత్త కాలమ్ చేర్చి, పోయిన నెల ఫైల్లోంచి అంకెలు లాగి, కొత్త పేరుతో దాచి, పీడీఎఫ్ చేసి, రెంటినీ తిరిగి పంపాలి.

కంప్యూటర్‌లో ఇది పనే కాదు. ఫోల్డర్‌లో పడేస్తారు, పోయిన నెల ఫైలూ అక్కడే ఉంటుంది, రెంటినీ పక్కపక్కన తెరుస్తారు, పని అయ్యాక ఆ ఫోల్డర్‌లోంచే అటాచ్ చేస్తారు. ఫైల్ ఒకచోట ఉంటుంది, ప్రోగ్రాములు దాని దగ్గరికొస్తాయి.

ఫోన్‌లో అటాచ్‌మెంట్ మీద నొక్కితే స్ప్రెడ్‌షీట్ యాప్ తెరుచుకుంటుంది. కానీ దానికి దక్కింది మెయిల్ యాప్ చేతిలో పెట్టిన ఆ ఒక్క ఫైలే, అదీ చాలాసార్లు చదవడానికి మాత్రమే. మార్చబోతే కాపీ చేసుకోమంటుంది. ఎక్కడ? యాప్ చూపించే చోట, అంటే సాధారణంగా దాని సొంత క్లౌడ్‌లో. పోయిన నెల ఫైల్ డౌన్‌లోడ్స్‌లో ఉందనుకోండి, పక్కనే ఉన్నా ఈ యాప్‌కు కనపడదు. మీరు ఫైల్ పికర్ (ఫైల్ ఎంచుకునే తెర) తెరిచి చూపిస్తే తప్ప. రెండో ఫైల్‌ను అదే యాప్‌లో ఇంకో విండోగా తెరవనిస్తుందో లేదో ఆ యాప్ రాసినవాళ్ల దయ. పీడీఎఫ్ చేస్తే అది మూడో చోటుకి పోతుంది. చివరికి షేర్ బటన్ నొక్కి మెయిల్‌కు పంపితే కొత్త మెయిల్ తెరుచుకుంటుంది, మీరు జవాబివ్వాల్సిన మెయిల్ కాదు. ఇక్కడ యాప్ ఒకచోట ఉంటుంది, ఫైలే చేతులు మారుతూ తిరుగుతుంది. తిరిగిన ప్రతిచోటా ఒక కాపీ మిగులుతుంది. సాయంత్రానికి ఏది అసలుదో కనుక్కోవడమే ఒక పని.

ఇందులో ఎవరి అజాగ్రత్తా లేదు, కావాలనే ఇలా కట్టారు. ఆండ్రాయిడ్ 10లో మొదలుపెట్టి ఆండ్రాయిడ్ 11లో గట్టిపరిచిన స్కోప్డ్ స్టోరేజ్ ఏర్పాటు ఇదే. అంతకుముందు ఒక్క స్టోరేజ్ అనుమతి ఇస్తే చాలు, టార్చిలైట్ యాప్ కూడా మీ ఫొటోలూ డాక్యుమెంట్లూ అన్నీ చదివేయగలిగేది. ఆ తలుపు మూయాల్సిందే. మూశారు. దాంతో పాటు నిజంగా ఫైళ్లతో పనిచేసే యాప్‌లకు కూడా దారి సన్నబడింది.

ఇలాంటి కంచె ఇంకొకటి చూడండి. టర్మక్స్ అనే యాప్‌తో ఆండ్రాయిడ్‌లో లినక్స్ ఆదేశాలు నడుపుకోవచ్చు, ప్రోగ్రాములు రాసేవాళ్లకు అది ప్రాణం. ఆండ్రాయిడ్ 10 వచ్చాక, కొత్త నియమాల కింద తయారైన యాప్ తన సొంత ఫోల్డర్‌లోకి దింపుకున్న ప్రోగ్రామ్‌ను నడపడానికి వీల్లేదన్నారు. వైరస్‌లు చేసేదీ అదే పని కాబట్టి. కానీ కంప్యూటర్ అంటేనే ప్రోగ్రామ్ దింపుకుని నడపడం కదా! ఆండ్రాయిడ్ 12లో, యాప్‌లు వెనకాల పుట్టించిన ఉపప్రక్రియలన్నీ (విడిగా నడిచే చిన్న పనులన్నీ) కలిపి 32 దాటితే సిస్టమ్ వాటిని చంపేసేలా చేశారు. బ్యాటరీ కాపాడటానికి. ఏదో పెద్ద పని పెట్టి టీ తాగి వచ్చేసరికి అది మధ్యలోనే చచ్చిపోయి ఉంటే వచ్చే కోపం అంతాయింతా కాదు. తర్వాతి వెర్షన్లలో ఆ పరిమితిని తీసేసే వీలు డెవలపర్ ఆప్షన్లలో పెట్టారు, అయితే డెవలపర్ ఆప్షన్లు తెరిచి ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయమని మొరాయిస్తాయి. చూశారా, మళ్లీ నమ్మకం దగ్గరికే వచ్చాం.

విండోల తంటాలు కూడా ఈ వంశంవే. ఫోన్ యాప్ పుట్టింది ఒకే తెర, ఒకే ముఖం అన్న లెక్కలో. ఆండ్రాయిడ్ 10కి ముందు రెండు యాప్‌లు పక్కపక్కన కనిపిస్తున్నా, మామూలుగా ఒక్కటే ‘మేలుకుని’ ఉండేది. రెండోదాంట్లో చాలాసార్లు వీడియో ఆగిపోయేది. ఇప్పటికీ ఫోన్ తెర మీద ఉన్న యాప్‌ను మానిటర్ మీదికి జరిపితే చాలా యాప్‌లు మొదటి నుంచి మళ్లీ తెరుచుకుంటాయి. తెర కొలత, చుక్కల సాంద్రత మారితే పాత ముఖాన్ని చంపి కొత్తది కట్టడం ఆండ్రాయిడ్ అలవాటు. యాప్ రాసినవాళ్లు ముందుచూపుతో దాచకపోతే సగం టైప్ చేసిన మెసేజ్ గల్లంతు. నిలువుగానే ఉంటామని భీష్మించిన యాప్‌లు పెద్ద మానిటర్ నడిమధ్య సన్నటి స్తంభంలా నిలబడతాయి. ఆండ్రాయిడ్ 16 నియమాల కింద తయారయ్యే యాప్‌ల విషయంలో పెద్ద తెరల మీద ఈ మొండిపట్టును సిస్టమ్ పట్టించుకోదు, గేమ్‌లకు మాత్రం మినహాయింపు. మంచి అడుగే, పాత యాప్‌లు మారేదాకా ఓపిక పట్టాలి.

ఐఫోన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. యూఎస్‌బీ-సి కేబుల్ పెడితే ఫోన్ తెరే పెద్దగా కనబడుతుంది, అంతే. వీడియో యాప్‌ల లాంటివి కొన్ని పెద్ద తెరను నిండుగా వాడుకుంటాయి, కానీ విండోలు లేవు. ఎం1 చిప్ ఉన్న ఐప్యాడ్‌లకు 2022లోనే వేరే తెర మీద విండోలు తెరిచే వీలిచ్చిన కంపెనీకి ఇది చేతకాక కాదు. ఐఫోనే కంప్యూటర్ అయిపోతే మ్యాక్ ఎవరు కొంటారన్న లెక్క ఉందని నా అనుమానం.

కంచె లోపల ఇంకో ఇల్లు

కంచె తీసేస్తే భద్రత పోతుంది, ఉంచితే కంప్యూటర్ కాదు. ఈ చిక్కుముడికి ఇప్పటివరకు కనిపించిన మెరుగైన పరిష్కారం వర్చువల్ మెషీన్, అంటే ఫోన్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో కంప్యూటర్. ఆండ్రాయిడ్ 13తో దానికి కావలసిన ఏర్పాట్లు వచ్చాయి, 2025 మార్చిలో పిక్సెల్ ఫోన్లకు గూగుల్ టెర్మినల్ అనే యాప్ ఇచ్చింది. డెవలపర్ ఆప్షన్లలో దాన్ని తెరిస్తే ఫోన్ లోపల పూర్తి డెబియన్ లినక్స్ దిగుతుంది. అది ఆండ్రాయిడ్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మీద నడవదు, దాని కెర్నల్ దానిదే. లోపల మీరే యజమాని: ఏ ప్రోగ్రామ్ అయినా ఎక్కించుకోండి, ఎన్ని ప్రక్రియలైనా పుట్టించండి, మొత్తం పాడుచేసుకున్నా సరే, పక్కనున్న బ్యాంకు యాప్ మీద ఈగ వాలదు. ఫోన్ తన అపనమ్మకాన్ని వదులుకోకుండానే మీకు ఒక స్వేచ్ఛా మండలం ఇస్తుందన్నమాట.

తొలి రూపంలో అది నల్ల తెర మీద ఆదేశాలు రాసుకోవడం వరకే. ప్రోగ్రామర్లకు పండగ, మిగతావాళ్లకు ఏమీ లేదు. కానీ దారి అటే ఉంది. డెబియన్‌లో ఆర్మ్ చిప్‌ల కోసం తయారుచేసిన లిబ్రేఆఫీస్ (ఆఫీసు పనులకు), జింప్ (ఫొటోలు దిద్దడానికి) లాంటివి ఎప్పటి నుంచో ఉన్నాయి. డెస్క్‌టాప్ విండోలూ ఈ మెషీనూ ఒకచోట బాగా అతుక్కుంటే ‘ఫోన్‌లో ఆ సాఫ్ట్‌వేర్ లేదు’ అన్న ఫిర్యాదు సగానికి సగం తగ్గుతుంది. విండోస్ ప్రోగ్రాములు మాత్రం ఆ సగంలో లేవు.

మీ పనికి కుదురుతుందా

ఫోన్ మోడల్ కంటే ముందు మీ పని ఎక్కడ జరుగుతుందో చూసుకోండి. మీ రోజు బ్రౌజర్‌లోనే గడిచిపోతుంటే, అంటే మెయిల్, డాక్యుమెంట్లు, షీట్లు, చాట్, మీటింగులు అన్నీ ట్యాబ్‌ల్లోనే అయితే, డెక్స్ ఉన్న ఫోన్ ఈరోజే సరిపోతుంది. రెండు జాగ్రత్తలు. సైట్లు మిమ్మల్ని ఫోన్ అనుకుని చిన్న తెర పేజీ పంపకుండా బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్‌ను శాశ్వతంగా ఆన్ చేసుకోండి. ఎక్స్‌టెన్షన్ల మీద ఆధారపడేవాళ్లు ఆండ్రాయిడ్ క్రోమ్‌ను వదిలి ఫైర్‌ఫాక్స్ వైపు వెళ్లాలి. 2023 డిసెంబర్ నుంచి అది ఆండ్రాయిడ్‌లో ఎక్స్‌టెన్షన్లకు తలుపులు బార్లా తెరిచింది.

పని మాక్రోలున్న (పనులు వాటంతట అవే జరిగేలా లోపల రాసుకునే చిన్న ప్రోగ్రాములున్న) ఎక్సెల్ మీద నడుస్తుంటే ఆశ వదులుకోండి. ఫోన్ ఎక్సెల్‌లోనూ, బ్రౌజర్ ఎక్సెల్‌లోనూ వీబీఏ భాషలో రాసిన ఆ మాక్రోలు నడవవు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, క్యాడ్ (ఇంజనీరింగ్ డ్రాయింగులు), భారీ వీడియో ఎడిటింగ్ కూడా అంతే. ఇంట్లోనో ఆఫీసులోనో నడుస్తున్న కంప్యూటర్‌ను రిమోట్ డెస్క్‌టాప్‌తో ఫోన్ నుంచి తెరవడం ఒక దారి, అది బాగానే పనిచేస్తుంది కూడా. కానీ అప్పుడు ఫోన్ కంప్యూటర్‌కు బదులు కాలేదు, కంప్యూటర్‌కు పొడవాటి తీగ అయింది.

డబ్బు మిగులుతుందనే ఆశతో ఈ దారి పట్టేవాళ్లు ఒక కూడిక చేసుకోవాలి. మానిటర్, కీబోర్డు, మౌస్ ముందే ఉన్నవాళ్లకు కావలసింది డాక్ ఒక్కటే, లాభమే. ఏమీ లేనివాళ్లు అన్నీ కొని, లేదా తెర, కీబోర్డు, బ్యాటరీ కలిసున్న ల్యాప్‌డాక్ కొని, పైగా ఆల్ట్ మోడ్ కోసం ఖరీదైన ఫోన్‌కు మారితే ఆ మొత్తానికి బుద్ధిగా ఒక ల్యాప్‌టాపే వచ్చేస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఖరీదైన భాగాలు తెర, బ్యాటరీ, శరీరం కూడా. ప్రాసెసర్ ఒక్కటే కాదు. ల్యాప్‌డాక్‌లు ఎన్నిసార్లు వచ్చినా జనంలోకి వెళ్లకపోవడానికి ఇదే కారణం. ఆట్రిక్స్ నాటి కూడిక ఇంకా మారలేదు.

రోజూ గంటల తరబడి వాడేవాళ్లు బ్యాటరీని కూడా చూసుకోవాలి. డాక్‌లో ఉన్నంతసేపూ ఫోన్ ఛార్జవుతూనే ఉంటుంది, పని వల్ల వేడెక్కుతూనే ఉంటుంది. నిండా ఛార్జయి, వేడిగా ఉండటం: లిథియం బ్యాటరీకి ఇంతకంటే చెడ్డ జోడీ లేదు. సెట్టింగుల్లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే వీలుంటే ఆన్ చేయండి, కవర్ తీసేయండి, ఫోన్‌ను మంచం మీదో పుస్తకాల మధ్యో కాకుండా గాలి తగిలే చోట పెట్టండి.

చివరిది, జనం అస్సలు పట్టించుకోనిది. రెండు పరికరాలున్నప్పుడు ఒకటి పోతే రెండోది ఆదుకుంటుంది. ఫోన్ పోయినా ల్యాప్‌టాప్‌లోంచి దాన్ని వెతకొచ్చు, తాళం వేయొచ్చు. అంతా ఒక్క ఫోన్‌లోనే పెట్టుకుంటే, పనీ, ఫైళ్లూ, వాటిని తిరిగి తెరవడానికి ఓటీపీ వచ్చే నంబరూ ఒకేసారి పోతాయి. ఈ దారిలోకి దిగేముందే ముఖ్యమైన అకౌంట్ల రికవరీ కోడ్లు కాగితం మీద రాసి దాచుకోండి, ఫైళ్లు వాటంతట అవే వేరేచోట కాపీ అయ్యేలా పెట్టుకోండి. ఆ కాపీలోంచి ఒక ఫైల్‌ను ఇంకొకరి ఫోన్‌లో నిజంగా తెరిచి చూసుకున్నాకే పాత ల్యాప్‌టాప్‌ను వదిలించుకోండి.